గవ్వ కొరికిన గంట తాడు

ఈ వారం మా ఊరి బడి గురించి రాద్దామని కాగితాలు సర్దుకుని కూర్చున్నాను. బడి ఎక్కడికీ పోదు, తర్వాత రాసుకోవచ్చు. ఆదివారం పొద్దున్న ఇంట్లో జరిగిన గొడవ మాత్రం నన్ను ఇంకోటి రాయనివ్వడం లేదు. టీచరుగా రిటైరైనప్పటి నుంచి నేను రాజమండ్రిలో మా అమ్మాయి సునీత వాళ్ళ ఫ్లాట్‌లో, మూడో అంతస్తులో ఉంటున్నాను. అందరం చర్చికి తయారై బయల్దేరుతుంటే మా అల్లుడు చెప్పుల స్టాండు దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పుట్టినరోజుకి సునీత కొనిపెట్టిన కొత్త బూట్లు, అప్పటికి ఒక్కసారే వేసుకున్నాడు. కుడి బూటు నిగనిగలాడుతూ ఉంది. ఎడమ బూటుకి మడమ లేదు, నాలుక లేదు, లోపలి మెత్త ఫ్యాను గాలికి హాలంతా తిరుగుతోంది. సోఫా కింద నుంచి కుకీ మా అందరినీ చూస్తూ, ఏదో ఘనకార్యం చేసినట్టు తోక నేలకేసి కొడుతోంది.

కుకీ ఐదు నెలల కుక్కపిల్ల. ఒళ్ళంతా తేనె రంగు, ముఖంలో అమాయకత్వం, నోట్లో రంపం. అంతకు ముందు వారం టీవీ రిమోటు పోయింది, దానికి ముందు ఫోను ఛార్జరు, దానికి ముందు సోఫా మూల. ఇంట్లోవాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. ఫోన్లో వీడియోలు చూశారు. బుట్టెడు రబ్బరు బొమ్మలు తెచ్చారు. సోఫాకి ఏదో చేదు మందు కొట్టారు, కుకీ దాన్ని మజ్జిగ పులుసులా నాకేసింది. చివరికి కుక్కలకి శిక్షణ ఇచ్చే కుర్రాణ్ణి కూడా పిలిపించారు. ఆ ఆదివారం బూటు చూసి సునీత నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంక నా వల్ల కాదు. వచ్చే ఆదివారం లోపు దీన్ని తెచ్చిన చోటికే పంపించేద్దాం" అంది. అరవలేదు. సునీత అరిస్తే భయం లేదు, ఇలా మెల్లగా చెప్పిందంటే అయిపోయినట్టే. పదేళ్ళ మా మనవరాలు గ్రేసీ ముందుకొచ్చి, "డాడీ షూస్ పై అరలో పెట్టడం నేనే మర్చిపోయాను" అని చెప్పింది. చెప్పి నా వైపు చూసింది. నేను కాఫీ గ్లాసులోకి చూసుకున్నాను.

ఎందుకు అటు చూశానో చెప్పేస్తాను, దాచి రాస్తే రాయడం ఎందుకు. పది రోజులుగా, అందరూ ఆఫీసులకీ బడికీ వెళ్ళాక, కుకీకి నా పాత తోలు చెప్పు ఒకటి నేనే ఇస్తున్నాను. అది ముందు కాళ్ళతో చెప్పుని తొక్కిపట్టి రెండు గంటలు హాయిగా నమిలేది, నేను ప్రశాంతంగా రాసుకునేదాన్ని. వాళ్ళు వచ్చే వేళకి చెప్పుని నా మంచం కిందకి తోసేసేదాన్ని. బడి నుంచి రాగానే గ్రేసీ ఆ మంచం మీదే హోంవర్కు చేసుకునేది. శిక్షణ ఇచ్చే కుర్రాడు మొదటి రోజే నాతో, "పాత చెప్పులు మాత్రం ఇవ్వకండమ్మా. పాతదేదో కొత్తదేదో దానికేం తెలుస్తుందండి" అన్నాడు. తలైతే ఊపాను గానీ, నా వయసు మనిషికి కుక్కల గురించి చెప్పొచ్చాడు అనుకున్నాను. అలా ఊపిన తల ఇప్పుడు ఎత్తలేకపోతున్నాను.

చర్చి నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా నా గదిలోకి వెళ్ళి ట్రంకు పెట్టె తీశాను. ఆ చెప్పుకి బదులు కుకీకి ఇవ్వడానికి పాత తువ్వాలు ఏదైనా దొరుకుతుందేమోనని. చీరల అడుగున చేతికి గరుగ్గా ఏదో తగిలింది. తీసి చూస్తే జానెడు కొబ్బరి తాడు. మధ్యలో ఉబ్బెత్తుగా అతుకు, ఆ పక్కన నలిగిపోయిన పీచులు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన ఎప్పుడో పోయి ఉంటుంది, అయినా నాకు తగిలింది. మంచం మీద కూలబడ్డాను. చిన్నప్పటి ఆ పండుగ ఉదయం అంతా ఒక్కసారిగా కళ్ళ ముందు పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను దాని వెంట.

మా ఊరు గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరి తోటల మధ్య. మా ఇంట్లో అందరూ కొబ్బరి చెట్టు మీద బతికినవాళ్ళే. నాన్న చెట్లెక్కి కాయలు దింపేవాడు. అమ్మా నాయనమ్మా కాయ మీది డొక్కల నుంచి పీచు తీసి తాళ్ళు పేనేవాళ్ళు. డొక్కల్ని కాలవ పక్క గోతుల్లో నెలల తరబడి ఊరబెట్టేవాళ్ళం. ఆ కంపు మాకు కంపుగా తెలిసేది కాదు, చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటే గుర్తొచ్చేది. తెల్లారేసరికి నాయనమ్మ పంచలో రాట్నం ముందు కూర్చునేది. ఒళ్ళో పీచు, పక్కన చెంబుడు నీళ్ళు, చెవి సందులో సగం కాల్చిన చుట్ట. నేను పళ్ళు తోముకుంటూ రాట్నం తిప్పేదాన్ని, ఆవిడ లేచి వెనక్కి అడుగులేస్తూ పీచు వదులుతుంటే తాడు దానంతటదే పుట్టుకొచ్చినట్టు ఉండేది. నాయనమ్మకి రానిది అంటూ లేదని ఊరంతా అనుకునేది. అందరికంటే ఎక్కువగా ఆవిడే అనుకునేది. ఎవరేం చెప్పినా "తెలుసులే" అనేది. తనది పొరపాటని ఆవిడ ఒప్పుకోగా విన్నవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఒక వానల కాలంలో డొక్కల గుట్ట వెనక కుంయి కుంయిమంటుంటే వెళ్ళి చూశాను. నల్లటి పిల్ల, నుదుటి మీద గవ్వంత తెల్ల మచ్చ. గౌను ఒడిలో వేసుకుని తెచ్చి గవ్వ అని పేరు పెట్టేశాను. పేరు పెట్టేశాక ఇంక ఎవరూ బయటికి తొయ్యలేరని నా ధైర్యం. నాన్న "సరేలే" అన్నాడు. అమ్మ "అన్నం నువ్వే పెట్టాలి" అంది. గవ్వ నెల రోజులు బుద్ధిగా ఉండి, ఆ తర్వాత నోరు తెరిచింది. ముందు నా పలక చెక్క అంచు. తర్వాత అమ్మ గరిటె పిడి, నాన్న చెప్పులు, నా బడి సంచీ పట్టీ. నేను అరుస్తూ వెంటపడేదాన్ని. అది నోట్లో వస్తువుతో దొడ్డంతా తిప్పించేది, తోక జెండాలా ఎత్తి. నేను తరుముతున్నానని నేననుకున్నాను, ఆడుకుంటున్నామని అదనుకుంది. అమ్మ గరిటెలకి కారం రాసింది, వేప నూనె పట్టించింది. గవ్వ రెండు తుమ్ములు తుమ్మి మళ్ళీ మొదలుపెట్టేది.

అప్పుడు నాయనమ్మ రంగంలోకి దిగింది. "చిగుళ్ళు దురదే దానికి. పసిపిల్లలకి పళ్ళొచ్చేటప్పుడు చూళ్ళేదా. కొరుక్కోడానికి ఏదో ఒకటి ఇస్తే చెప్పుల జోలికి ఎందుకొస్తుంది" అని, చేతికందిన కొబ్బరి డొక్క ముక్కొకటి నీళ్ళలో ముంచి గవ్వ ముందు పడేసింది. నిజంగా మంత్రం వేసినట్టే అయింది. గవ్వ ఆ డొక్కని పీచు పీచుగా విడదీసి, కళ్ళు అరమోడ్చి, పొద్దుగూకేదాకా నమిలింది. మర్నాడు ఇంకో ముక్క. వారం గడిచేసరికి గరిటెల జోలికి పోలేదు, చెప్పుల వైపు చూడలేదు. నాయనమ్మ సంబరం ఇంతా అంతా కాదు. రేవు దగ్గరా, కొట్టు దగ్గరా, చర్చి మెట్ల దగ్గరా ఆగి మరీ చెప్పింది. "కుక్కపిల్ల మీ చెప్పులు కొరుకుతోందా. పీచు పెట్టండమ్మా, పీచు. చూద్దురుగాని."

కొబ్బరి తాళ్ళు పేనే ఇంట్లో కుక్కకి పీచు రుచి మప్పితే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, మా కళ్ళకి పీచు పీచులా కనపడేది కాదు, అన్నంలాగా, గాలిలాగా అదెప్పుడూ ఉండేదే. గవ్వకి మాత్రం స్పష్టంగా కనపడింది. మా ఇంట్లో గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా పీచు. మంచం నులక పీచు. ఉట్టి పీచు. చేంతాడు పీచు. ముందు పట్టా మాయమైంది. తర్వాత మా బాబాయి భోజనం చేసి నడుం వాల్చబోయి మంచం కోళ్ళ మధ్యలోంచి నేల మీదకి దిగిపోయాడు. ఇంకో రోజు అమ్మ నూతిలోకి బాల్చీ వదిలితే బాల్చీ వెళ్ళింది గానీ తాడు సగమే వెళ్ళింది. ఇలా కాదని గవ్వని కట్టేశాం. దేంతో కట్టాం అనుకుంటున్నారు. కొబ్బరి తాడుతోనే. మా ఇంట్లో వేరే తాడెక్కడిది. అది కట్టు కొరుక్కుని వచ్చి, మిగిలిన ముక్క మెళ్ళో వేలాడుతుండగా, మా భోజనాల దగ్గర కూర్చునేది. నాయనమ్మ మాత్రం, "పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి, నాలుగు రోజులు పోతే అదే మానేస్తుంది. తెలుసులే" అనేది.

నవ్వు ఆగిపోయిన రోజు ఒకటుంది. చెట్టెక్కేటప్పుడు నాన్న రెండు పాదాలకీ కలిపి ఒక కొబ్బరి తాడు చుట్ట వేసుకునేవాడు, దాన్ని బంధం అనేవాళ్ళం. పాదాలు మాను మీద నిలిచేది ఆ బంధం పట్టు వల్లే. ఒక పొద్దున్న ఆయన తోటకి వెళ్ళి, చెట్టు మొదట్లో అలవాటుగా బంధాన్ని రెండు చేతులతో లాగి చూసుకున్నాడట. అది పుటుక్కున తెగింది. లోపలి వైపు గవ్వ కొరికిన చోటు, పైకి కనపడలేదు. నాన్న పని మానేసి ఇంటికొచ్చాడు. ఆ రెండు ముక్కల్నీ నాయనమ్మ రాట్నం పక్కన పెట్టి, "అమ్మా, లాగి చూడకపోతే సగం చెట్టు మీద తెగేది" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని చెప్పాడు. "అమ్మడూ, ఇంకొక్క తాడు. ఇంకొక్కటి కొరికిందంటే దాన్ని పడవెక్కించి అవతలి లంకలో వదిలేసి వస్తాను. నువ్వు ఏడ్చినా సరే, వినను." నాయనమ్మ ఆ ముక్కల్ని చాలాసేపు చేత్తో తిప్పి చూసింది. మొదటిసారి "తెలుసులే" అనలేదు.

ఆ రోజు నుంచి నేను గవ్వకి కాపలా. బడి నుంచి పరుగెత్తుకొచ్చి అది నోరు కదిపితే చాలు వేలు పెట్టి వెతికేదాన్ని. దాన్ని తరమకూడదని కూడా అప్పుడే కనిపెట్టాను. లంగా కొసకి రెండు ఎండు రొయ్యలు కట్టుకుని తిరిగేదాన్ని. అది ఏ తాడైనా పట్టుకుంటే నేను కూర్చుని రొయ్య చూపించేదాన్ని, తాడు వదిలేసి వచ్చేది. నా ఒంటి మీద రొయ్యల వాసన భరించలేక బడిలో నా పక్క పిల్ల వేరే బల్లకి మారిపోయింది. రెండు వారాలు ఒక్క తాడూ తెగలేదు. నేను గెలిచేశాననే అనుకున్నాను. అప్పుడు కోత పండుగ వచ్చింది.

మా చర్చిలో కోత పండుగ అంటే, ఎవరి చేతి పనిలో మొదటిది వాళ్ళు దేవుడి ముందు పెట్టడం. ధాన్యం పండించినవాళ్ళు కంకులు, అరటి తోటవాళ్ళు గెలలు, కోళ్ళున్నవాళ్ళు పుంజుని. మాకు పొలం లేదు, తోట లేదు. మా ఇంటి నుంచి వెళ్ళేది గంట తాడు. ప్రతి ఏడూ కొత్తది. నాయనమ్మ అత్తగారి కాలం నుంచి అదే పద్ధతి. దానికోసం నాయనమ్మ బంగారు రంగు పీచు ఏరి విడిగా దాచేది, నెల ముందు నుంచీ మూడు పురులుగా పేనేది. ముందు రోజు సాయంత్రం నాన్న గంట గోపురం ఎక్కి పాత తాడు విప్పేవాడు. దాన్ని ముక్కలు కోసి, చర్చి స్తంభాలకి అరటి పిలకలూ కంకులూ కట్టడానికి వాడేసేవాళ్ళు. పండుగ పొద్దున్న మొదటి గంట కొత్త తాడుతో నాయనమ్మే లాగాలి. అవతలి లంకల వాళ్ళు పడవల్లో ఎదురుచూసేవాళ్ళు. చలికాలం కదా, పాయ మీద మంచు కమ్ముకుని ఒడ్డు కనపడేది కాదు. గంట వినపడితేనే పడవ విప్పేవాళ్ళు, ఆ మోత వైపే గెడ వేసుకుంటూ వచ్చేవాళ్ళు. గంట లేకపోతే వాళ్ళకి పండుగ లేదు.

ఆ పొద్దున్న నాన్న ముందే వెళ్ళి గోపురం మీద ఉన్నాడు. అమ్మ వంటల కోసం వెళ్ళిపోయింది. కొత్త తాడు చుట్ట చుట్టి, తెల్ల పంచెలో మూట కట్టి, పక్క గదిలో పీట మీద ఉంది. నేను కొత్త గౌను వేసుకుని, ఆ తాడుని ఒక్కసారి చూసొద్దామని వెళ్ళాను. మూట విప్పి చూశాను. మెత్తగా, పచ్చిగా, కమ్మటి వాసన. అంతలో వీధిలో బ్యాండు మేళం పోయింది. పరుగెత్తాను. గడియ పెట్టలేదు. మేళం మలుపు తిరిగేదాకా చూసి వచ్చేసరికి పక్క గది తలుపు ఓరగా ఉంది. గవ్వ పీట పక్కన పడుకుని, తాడుని రెండు కాళ్ళతో పొదువుకుని, కళ్ళు అరమోడ్చి నములుతోంది. కొత్త గౌను కొసకి కూడా కట్టుకున్న రొయ్య తీశాను. వెంటనే వదిలేసి వచ్చింది, బంగారం. కానీ తాడు రెండు ముక్కలై ఉంది. కొస అయితే కోసి పారేయొచ్చు. సరిగ్గా నడుమ కొరికింది.

నాయనమ్మ తల దువ్వుకుంటూ వచ్చి చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. దువ్వెన జుట్టులోనే ఉంచేసి తాడు ముందు కూర్చుని, "ఆ కొస పట్టుకో" అంది. కొరికిన చోట్లు రెండూ కోసేసి, రెండు వైపులా పురులు విప్పింది. "అతికితే గోపురం అంత పొడుగు వస్తుందా, నాయనమ్మా" అన్నాను. "మూరెడు ఎక్కువే పేనాను. పట్టుకో, వదలకు." ఒక పురి ఇంకో పురి కింద దూర్చి, లాగి, మళ్ళీ దూర్చి. ఆ వేగానికి ఆవిడ వేళ్ళు కనపడడం లేదు నాకు. దూరంగా చర్చి దగ్గర జనం సందడి వినపడుతోంది. గంట కొట్టే వేళ దగ్గర పడింది. నాయనమ్మ లేచి నిలబడింది. "నడుస్తూ వేద్దాం. నువ్వు ముందు నడు, తాడు బిగువు తగ్గిందో చంపేస్తాను."

అలా బయల్దేరాం, కాలవ గట్టు మీద. ముందు కొత్త గౌనులో నేను, భుజం మీద తాడు చుట్ట. వెనక తల్లో దువ్వెనతో నాయనమ్మ, అడుగు అడుగుకీ ఒక పురి దూరుస్తూ, పళ్ళతో లాగుతూ. ఆ వెనక గవ్వ, మూతికి ఇంకా పీచు అంటుకుని, ఇదంతా తన కోసమే అన్నంత హుషారుగా. నాకు భయంతో పాటు చెప్పలేని సంబరం కూడా పుట్టుకొచ్చింది, ఆ వయసులో అంతేనేమో, రెండూ ఒకేసారి వస్తాయి. ఎదురైనవాళ్ళు ఆగిపోయి, "ఏంటి మామ్మా, దారిలో పేనుతున్నావు" అంటున్నారు. "చలిగా ఉందని" అంది నాయనమ్మ. మంచులో దారి పది అడుగులకి మించి కనపడడం లేదు. అవతలి ఒడ్డు నుంచి ఎవరో కేక వేశారు, గంట ఇంకా కొట్టరేంటని. చర్చి ఆవరణలోకి అడుగు పెట్టేసరికి చివరి పురి దూర్చి, నాయనమ్మ అతుకుని మోకాలి కింద పెట్టి తొక్కి చూసింది. అప్పుడు తల్లోంచి దువ్వెన తీసి నా చేతికిచ్చింది.

నాన్న పై నుంచి సన్నటి దారం వదిలాడు. తాడు కొస దానికి కట్టి పైకి పంపాం. ఆయన లాగుతుంటే తాడు పైకి పాకుతూ పాకుతూ, అతుకు నేల విడిచి లేవగానే ఆగిపోయింది. పై నుంచి ఆయన ముఖం కిందకి వంగింది. ముందు నన్ను చూశాడు, తర్వాత నా కాళ్ళ దగ్గర ఉన్న గవ్వని. నాకంతా అయిపోయినట్టే అనిపించింది. మా పాస్టరుగారిని ఊరంతా అయ్యగారు అనే పిలిచేది. ఆయన కూడా అతుకు చూశారు. "ఏంటి మామ్మగారూ, ఈసారి నడుమ ముడి పడిందే" అన్నారు. చుట్టూ జనం. నాయనమ్మ ఏదో ఒకటి చెప్పి దులుపుకుంటుందని అనుకున్నాను. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ముడి కాదండి అయ్యగారు, అతుకు. మా కుక్కపిల్ల కొరికేసిందండి. పీచు కొరకడం దానికి నేర్పింది నేనండి. నేర్పడమే కాదు, ఊరంతా చెప్పుకున్నాను కూడాను. ఇక్కడున్న సగం మందికి చెప్పానండి. మావాడు దాన్ని పడవెక్కించేస్తానన్నాడు. దానికేం తెలుసండి, నేను పెట్టింది తింది. తప్పు నాదైతే దాన్ని లంకకి పంపడం ఏంటండి."

ఎవరూ నవ్వలేదు. అయ్యగారు అతుకు వైపు మళ్ళీ చూసి, "అతుకు ఆగుతుందా మామ్మగారూ" అన్నారు. "నేను వేసిన అతుకండి" అంది నాయనమ్మ, మళ్ళీ నాయనమ్మలాగే. నాన్న పైన తాడుని గంటకి కట్టాక, చెప్పులు విడిచి, కొంగు బిగించి, తాడు పట్టుకుంది. మొదటి లాగుకి తాడు సాగింది గానీ గంట కదల్లేదు. నేను గుడ్లప్పగించి అతుకునే చూస్తున్నాను. రెండో లాగుకి ఆవిడ బరువంతా వేసింది. గంట మోగింది. మోగి, మంచులోకి దొర్లుకుంటూ పోయింది, దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. పాయ మీద నుంచి పడవల వాళ్ళు కూతలు వేశారు. గవ్వ తల పైకెత్తి గంటతో పాటు ఊళ వేసింది, అప్పుడు అందరూ నవ్వారు. నేను గెంతాను, దువ్వెన ఎక్కడ పారేశానో నాకే తెలియదు. నా జీవితంలో అంత గట్టిగా మోగిన గంట మళ్ళీ వినలేదు.

నాన్న కిందకి దిగి వచ్చి గవ్వ మూతికి అంటుకున్న పీచు తుడిచాడు. మర్నాడు ఎక్కడి నుంచో బర్రె కొమ్ము ముక్కొకటి తెచ్చి, ఉడకబెట్టి కడిగి గవ్వ ముందు పెట్టాడు. "ఇలాంటిది మనింట్లో ఇంకోటి లేదు. ఇది దానిది, మిగతావన్నీ మనవి. ఇప్పుడు తెలుస్తుంది" అన్నాడు. తాళ్ళన్నీ ఎత్తు మేకులకి ఎక్కాయి, బంధం దూలానికి ఎక్కింది. నేను రొయ్యలు మానలేదు. మళ్ళీ వానలొచ్చేసరికి గవ్వ రాట్నం కింద పీచు కుప్ప మీదే పడుకునేది, ఒక్క పోగు ముట్టేది కాదు. మరుసటి ఏడు ఆ తాడు విప్పినప్పుడు నాయనమ్మ అతుకున్న ముక్క కోసి తన పెట్టెలో దాచుకుంది, అక్కడి నుంచి నా పెట్టెలోకి వచ్చింది.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఆ రోజు చర్చి నుంచి తిరిగొస్తుంటే గట్టు మీద నేను ఆగిపోయాను. "నాయనమ్మా, పక్క గది గడియ..." అన్నాను. "తెలుసులే" అంది ఆవిడ, నడుస్తూనే. "మరి అయ్యగారితో ఎందుకు చెప్పలేదు." "నేను పెద్దదాన్ని, నువ్వు చిన్నదానివి. ముందు పెద్దవాళ్ళం చెప్పుకోవాలి. నీది నువ్వు ఎప్పుడు చెప్పుకుంటావో నీ ఇష్టం." నేను చెప్పలేదు. నాన్నకి చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో, ఆయన వెళ్ళిపోయేదాకా కూడా చెప్పలేదు. గవ్వ తప్పు, నాయనమ్మ తప్పు అనే ఆ కథని నవ్వుతూ అందరికీ చెప్పాను, నా పిల్లలకీ చెప్పాను, గడియ మాట లేకుండా. ఇదే మొదటిసారి రాయడం.

అప్పటికీ ఇప్పటికీ తేడాలు లెక్కపెట్టడం నా వయసువాళ్ళకి ఇష్టమైన పని. అప్పుడు కుక్కకి దొడ్డి ఉండేది, ఇప్పుడు బాల్కనీ. అప్పుడు కొరికినదాన్ని అతుక్కునేవాళ్ళం, ఈ బూటుని ఎవరూ అతకలేరు. ఇప్పుడు కుక్కల గురించి తెలిసినవాళ్ళు ఇంటికొచ్చి చెప్పి వెళ్తున్నారు, అది మాత్రం మంచిదే, నేను వినకపోవడం వాళ్ళ తప్పు కాదు. మంచం మీద కూర్చుని ఇవన్నీ అనుకుంటూ ఉండగా ఒకటి తట్టి సిగ్గేసింది. చదువురాని మా నాయనమ్మ ఊరు ఊరంతా వింటుండగా చెప్పింది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి నిజం చెప్పమన్నదాన్ని, నా ఇంట్లో ముగ్గురి ముందు కాఫీ గ్లాసులోకి చూశాను. ఇప్పుడు పెద్దదాన్ని నేనే.

వంగి, మంచం కింద చెయ్యి పెట్టి చెప్పు తీశాను. ఒక చేతిలో అది, ఇంకో చేతిలో తాడు ముక్క, హాల్లోకి వెళ్ళాను. చెప్పుని చూడగానే కుకీ ఆనందంతో నా చుట్టూ గిరగిరా తిరిగింది, నేను నోరు విప్పకముందే సాక్ష్యం చెప్పేసింది. "బాబూ, ఆ బూటు పోవడానికి కారణం నేనే" అని మా అల్లుడితో చెప్పాను. అంతా చెప్పాను. గవ్వ, పీచు, గంట తాడు, గడియ కూడా. సునీత నోరు తెరిచి, "అమ్మా, నువ్వా" అంది. అల్లుడు నా చేతిలో చెప్పుని, మూలనున్న సగం బూటుని మార్చి మార్చి చూసి, "రెండూ తోలేనండి అత్తయ్యగారూ, పాపం దాని తప్పేముంది" అన్నాడు. రెండిటినీ ఒకే సంచిలో వేసి బయట పెట్టాడు. బర్రె కొమ్ము ఎక్కడ దొరుకుతుందో అని నేనంటే, ఇప్పుడు షాపుల్లో ప్యాకెట్లో అమ్ముతున్నారండీ అన్నాడు. సునీత చాలాసేపు కుకీ వైపు చూసి, "అది పోనక్కర్లేదులే" అంది. ఆ మాటకి నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

గ్రేసీ అప్పటికే నేల మీద కూర్చుని కుకీ మెడ పట్టుకుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను, మోకాళ్ళు ఒప్పుకోకపోయినా. "నీ మీద వేసుకున్నావేంటమ్మా పొద్దున్న. నాన్న బూట్లు పైన పెట్టడం నీ పనేం కాదుగా, చెప్పు ఇచ్చింది నేను" అన్నాను. ఆ పిల్ల నా చేతిలోంచి తాడు ముక్క తీసుకుని, అతుకు మీద వేలు పెట్టి రాస్తూ, తల ఎత్తకుండానే అంది.

"తెలుసులే అమ్మమ్మా."